తిత్తిలో రాజుగారి ఊపిరి

ధూమ్రకోట మీద పొద్దు పొడవడం అంటే మాటలు కాదు. పగడపు రంగు రాతితో కట్టిన ప్రాకారాలు, ప్రాకారానికొక ఇత్తడి సింహద్వారం, ద్వారాల నెత్తిన రెక్కలు విప్పిన రాతి గండభేరుండాలు, నడిమి బురుజు కొన మీద మాంత్రికుడు కరాళకంఠుడు వెలిగించిన ఆరని నీలిమంట. సూర్యుడంతటివాడు కూడా ఆ మంటను తప్పించుకుని ఓరగా రావలసిందే. కిన్నెరలు ఆ కోటను చూస్తే దిగివచ్చి అక్కడే కాపురం పెడతారని కవులు పొగిడారు. కవులు చూసింది తూర్పువైపు నుంచి. పడమటివైపు, గోడ పల్లంలో, పచ్చితోళ్లను చెప్పులకూ తిత్తులకూ పనికొచ్చేలా ఊనే లందలున్నాయి. తోళ్లు నానే గుంతలు, సున్నపు తొట్లు, గీకిన బొచ్చు కుప్పలు, తంగేడు చెక్క కుళ్లిన నీళ్లు, వాటన్నిటి మీదా ముసిరే ఈగలు. ఆ వైపు ఏ కిన్నెరా రాలేదు, ఏ కవీ రాలేదు.

సుంకులమ్మ ఆ కంపులోనే పుట్టింది, ఆ కంపులోనే తల నెరిసింది. ఇప్పుడు ఆ కంపులోనే, పచ్చితోళ్ల గుట్ట కింద, ఊపిరి బిగబట్టి బోర్లా పడుకుని ఉంది. ఆమె పక్కన మోచేయి మోచేయి రాసుకునేంత ఇరుకులో మేఘశిల రాజకుమారుడు వసుకేతుడు. ఇద్దరి మధ్యా దున్నపోతు తోలుతో కుట్టిన తిత్తి ఒకటి, నిద్రపోయే పిల్లి పొట్టలా, మెల్లగా పొంగుతోంది, మెల్లగా అణుగుతోంది.

ఆ తిత్తిలో ఉన్నది వసుకేతుడి అన్న, మేఘశిల మహారాజు హరిసేనుడి ఊపిరి. కరాళకంఠుడు సన్యాసి వేషంలో కొలువుకు వచ్చి, ఆశీర్వదిస్తానని ముఖం దగ్గరికి వంగి, రాజు ఊపిరిని ఒక్క పీల్పుతో పీల్చి మింగేశాడు. రాజు దేహం చావక, బతకక, అంతఃపురంలో పట్టుపరుపు మీద పడి ఉంది. మింగినవాడు మాత్రం సుఖపడ్డాడా? రాజు ఊపిరి ఎవరికీ అరగదు. అది గొంతులో ఇరుక్కుని గుమ్మడికాయలా వాచింది. మెతుకు దిగక, మంత్రం పలకక నానా యాతనా పడి, దాన్ని బయటికి తీసి దాచుకోవడానికి గట్టి తిత్తి కావాలని లందలకు కబురు పెట్టాడు. అన్న ఊపిరి ఆ గొంతు దాటితే గానీ ఎత్తుకుపోవడానికి వీలుండదని వసుకేతుడు మొహానికి మసి పూసుకుని, కరియడని పేరు పెట్టుకుని, సుంకులమ్మ కింద కూలికి చేరాడు. సున్నం కలిపాడు, బొచ్చు గీకాడు, గోళ్లు ఊడదీసుకున్నాడు. ఆమె తిట్టిన తిట్లన్నీ పడ్డాడు.

ఈ పొద్దు తెల్లవారకముందే తిత్తిలోకి ఊపిరి దించుకుని, మాంత్రికుడు చాన్నాళ్లకు హాయిగా గుర్రుపెట్టాడు. కుట్లు సరిచూడమని కాపలావాళ్లు సుంకులమ్మను లోపలికి పిలిస్తే, వెనకే వచ్చిన కూలివాడు చిలక్కొయ్య మీది తిత్తిని దించి చంకన పెట్టుకుని, తాను కరియణ్ణి కాననీ, హరిసేన మహారాజు తమ్ముణ్ణనీ, ఇందులో ఉన్నది మా అన్న ఊపిరనీ ఆమె చెవిలో చెప్పాడు. అంత పెద్ద సంగతి చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకలేదు కాబోలు మహానుభావుడికి. సుంకులమ్మ తిత్తి వంక చూసింది, మొహం పాలిపోయింది. కేక వేసి కాపలావాళ్లను పిలవలేదు. ఇంటికీ పోలేదు. అతడి వెంట కాలికి బుద్ధి చెప్పింది. ఎందుకు వస్తున్నావని అతడు అడగలేదు, ఆమె చెప్పలేదు.

తోళ్ల గుట్ట అవతల ముక్కుభూతం అడుగులు వినిపించాయి. అది కోటకు కాపలా. మనిషంత ముక్కు, ఆ ముక్కుకు కింద తగిలించినట్టు చిన్న మనిషి. రాజరక్తం ఏ వేషంలో ఉన్నా ఆమడ దూరం నుంచి వాసన పట్టగలదు. సంపెంగ నూనె రాసుకుని పెరిగిన ఒంటి వాసన ఏడు జన్మలకూ పోదని దాని నమ్మకం. అది గుట్ట దగ్గర ఆగి, వంగి, గుండెల నిండా ఒక్కసారి పీల్చింది. పీల్చి, తుమ్మి, కళ్ల నీళ్లు కారుతూ గోడ పట్టుకుని నిలబడిపోయింది. తర్వాత కాపలావాళ్లను తిట్టుకుంటూ తూర్పువైపుకు వెళ్లిపోయింది. రాజకుమారుడి ఒంట్లో సంపెంగ ఎన్నడో చచ్చిపోయిందని దానికెలా తెలుస్తుంది!

సున్నపు నీళ్లు పోయే తూము గుండా ఇద్దరూ బయటపడ్డారు. నడుముల దాకా సున్నపు నీళ్లు, పైన గబ్బిలాలు. వసుకేతుడు ముందు పాకుతూ తిత్తిని లాగాడు, సుంకులమ్మ వెనక పాకుతూ తోసింది. తూము దాటి కొండ ఎక్కేసరికి ఎండ ముదిరింది. ఆమెకు మోకాళ్లు పలుగులు దింపినట్టు సలుపుతున్నాయి. ఆ వయసులో మనిషికి కావలసింది కాస్త నీడ, వీపు ఆనించడానికి ఒక గోడ. రాజులకేం, ఊపిరి పోగొట్టుకుని పట్టుపరుపు మీద పడుకుంటారు. మోసేవాళ్లకు కదా తెలిసేది.

కొండ అవతలి వాలు మాత్రం చూడవలసిందే. వాలంతా తంగేడు పూసి, ఎవరో పసుపుబట్టలు ఆరేసినట్టుంది. పూల మధ్య నీలమణుల్లాంటి గులకరాళ్లు. వాటి మీదుగా గాజులు గలగలలాడినట్టు దిగిపోయే సెలయేరు. సెలయేటికి అడుగున తెల్లగా, కంటిచూపు ఆనినంత దూరం ఉప్పునేల. దాని అంచున గాలికి వణుకుతూ మేఘశిల కోట. కోట కనబడగానే వసుకేతుడు చంటిబిడ్డలా నవ్వాడు.

ఆ నవ్వు ఇంకా పెదాల మీదే ఉంది. ఎండకు మబ్బు అడ్డొచ్చినట్టయింది. అది మబ్బు కాదు, రాబందు. రెక్క విప్పితే గుడిసె కప్పంత ఉంది. మెడ కింద చర్మం, లోపలి సరుకు తీసేసిన సంచిలా, వదులుగా వేలాడుతోంది. ఆ మెడను చూడగానే అది ఎవరో ఇద్దరికీ అర్థమైంది. కరాళకంఠుడు నిద్ర లేచాడు.

రాబందు గిర్రున తిరిగి బాణంలా దిగింది. వసుకేతుడు తిత్తిని సుంకులమ్మ మీదికి విసిరి, బొచ్చు గీకే వంకర కత్తితో ఎదురు నిలిచాడు. గోళ్లు అతడి భుజం చీరాయి, కత్తి దాని రెక్క చీరింది. రాలిన ఈక ఒక్కొక్కటీ నేల తగలగానే నల్లతేలై కొండి ఎత్తింది. చూస్తుండగానే పసుపు వాలు మీద నల్లటి పుట్ట కదిలింది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, ఇక్కడ పైన రాబందు, కింద తేళ్లు. సుంకులమ్మ ఆలోచించలేదు. తిత్తిని కడుపుకు హత్తుకుని, సెలయేటిలోకి దొర్లింది. వసుకేతుడు ఆమె వెంట దూకాడు. నీళ్లు ఇద్దరినీ రాళ్లకేసి కొట్టి, తిప్పి, ఒక రాతి గుహలోకి ఈడ్చి ఒడ్డున పారేశాయి. తేళ్లు నీళ్ల దగ్గర ఆగిపోయాయి. రాబందు రెక్కలు గుహ నోట్లో పట్టలేదు. అది బయట బండ మీద వాలి, తోలుసంచి మెడను ఊపుకుంటూ కాచుకుని కూర్చుంది.

వసుకేతుడు లేచి నిలబడబోయి చతికిలబడ్డాడు. కాళ్లకున్న చెప్పులు నానిన అప్పడాల్లా చీలికలై వేళ్ల సందున జారుతున్నాయి. పైపొర ఎర్రగా బాగానే ఉంది. లోపల తెల్లగా, జిగురుగా, ముక్కు మూసుకోవలసిన కంపు. లంద కంపు వేరు, అది పని కంపు. ఇది కుళ్లు కంపు. సుంకులమ్మ ఆ చెప్పుల వంకే చూస్తూ కూర్చుంది.

"అవి ఏ తోలువి?" అంది.

"తిత్తికి కోయగా మిగిలిన ముక్కవి. ఆ తోలు నేనే ఊనాను గదా పెద్దమ్మా, నాకూ ఒక గురుతుండాలని కుట్టుకున్నాను."

"ఒరే కరియా, మొదటిసారి లందలో ఎట్టాంటి నీళ్లు పోసినావు?" నోరు జారినందుకు నాలుక కరుచుకుంది. "పోసినారు దొరా?"

"చిక్కటివి. ఉన్నదాంట్లో బాగా చిక్కటివి. నీకు జ్వరమని అడగలేదు. తొందరగా పడుతుందనుకున్నాను."

ఇక ఆమె మెల్లగా చెప్పింది. పచ్చితోలు మనిషి లాంటిదే, మొదటే గట్టిగా అదిలిస్తే బిగుసుకుంటుంది. సున్నంలో బొచ్చు వదిలాక, పులిసిన తవుడు నీళ్లలో ఆ సున్నం విడవాలి. అప్పుడు తంగేడు బెరడు నానిన పలచటి చెక్కనీళ్లు, ఆ తర్వాత కొంచెం చిక్కనివి, పోను పోను ఇంకా చిక్కనివి, చివరికి కరక్కాయ. మొదట్లోనే చిక్కటివి పోస్తే పైపొర మూసుకుపోయి నీళ్లు లోపలికి దిగవు. పైకి తోలు, నడుమ పచ్చిమాంసం. ఎండలో ఉన్నంతసేపూ నిక్షేపంగా ఉంటుంది. నీళ్లు తగిలితే, అందులోనూ సున్నపు నీళ్లు తగిలితే, నడుమ ఉన్న పచ్చి కరిగి కారిపోతుంది. ఆలస్యం అమృతం విషం అంటారు లోకంలో. లంద దగ్గర తొందరే విషం.

వసుకేతుడి కళ్లు తిత్తి మీదికి పోయాయి. అదే తోలు. అన్న ఊపిరి దారిలో కారిపోతే గాలిలో గాలి అయిపోతుంది, దాన్ని మళ్లీ పట్టే మంత్రం మాంత్రికుడికి కూడా రాదు. తిత్తి మూతిని రాజు నోటికి ఆనించి విప్పాలి, అదొక్కటే దారి.

"నీ ఒక్కడి తప్పే అనుకోవద్దు" అంది సుంకులమ్మ. "తోలు కోసేటప్పుడే చూసినా. అంచున తెల్లగీత కనపడింది. బాగా ఊరిన తోలు కోస్తే లోపలా బయటా ఒకటే రంగు ఉండాల. ఆ గీత మీద చెక్కనీళ్లు పూసి కప్పేసినా. మళ్లా మొదటి నుంచి ఊనే ఓపిక లేదు నాయనా. మాంత్రికుడి తిత్తి గదా, కుళ్లితే కుళ్లనీ అనుకున్నా. లోపల ఉండేది మనిషని నాకెవరు చెప్పినారు?"

"నేను చెప్పి ఉండవలసింది."

"నేనూ చెప్పి ఉండాల. దానికే నీ వెంట పడి వచ్చినా."

ఇంతలో తిత్తి కుట్టు పక్కన ఉస్సుమంది. గుహలో ఒక్కసారి పచ్చకర్పూరం తాంబూలం వాసన కమ్ముకుంది. ఊపిరి పోయిన ఆ పొద్దు హరిసేనుడు నమిలిన తాంబూలం అది. చిన్నప్పుడు అన్న ఒళ్లో కూర్చుని విన్న కథలన్నీ ఆ వాసనతోనే విన్నాడు వసుకేతుడు. కళ్ల నీళ్లు జలజలా రాలాయి. చేత్తో అదిమాడు, వేళ్ల సందు నుంచి కారుతోంది. అరచేతితో నొక్కాడు, మెత్తబడిన తోలు ఇంకా చీలింది. మరో దారి లేక నోరు పెట్టి మూసేశాడు.

అన్న ఊపిరి వెచ్చగా వచ్చి అతడి నోరు నింపింది. మింగితే మాంత్రికుడికి పట్టిన గతే. విడిస్తే అన్న లేడు. బుగ్గలు పొంగించుకుని, గొంతు బిగించుకుని, ముక్కుతో తన ఊపిరి తాను లాక్కుంటూ, రాజకుమారుడు రాతిబొమ్మలా కూర్చున్నాడు. కళ్లతో మాత్రం సుంకులమ్మను బతిమాలాడు.

సుంకులమ్మ నడుముకున్న మూట విప్పింది. తోలు కోసే రంపె ఉంది, కుట్టే ఆరె ఉంది, మైనం రాసిన దారం ఉంది. అతుకు వేయడానికి తోలే లేదు. నలువైపులా చూసింది. చూడవలసినంత చూసి, చివరికి తన కాళ్ల వంక చూసుకుంది.

ఆ చెప్పులు ఆమె తల్లి ఊనిన తోలువి. తల్లి ఆ తోలును లందలో వేసి ఊరుకుంది. వానలు వచ్చాయి, చలి వచ్చింది, తంగేళ్లు పూసి రాలాయి. ఇరుగుపొరుగు నవ్వారు, అది తోలా ఊరగాయా అని. తీసినప్పుడు అంచు కోసి చూస్తే ఈ కొస నుంచి ఆ కొస దాకా చింతగింజ రంగు. మడిస్తే పగుల్లేదు, నీటిబొట్టు వేస్తే నిలిచి జారిపోయింది. కానుగ నూనె పట్టించి కుట్టిన ఆ చెప్పులతో సుంకులమ్మ కాపురానికి వచ్చింది, మొగుణ్ణి మట్టికి ఇచ్చి వచ్చింది, ఇప్పటికీ నడుస్తోంది. మనిషి అరిగింది గానీ ఆ తోలు అరగలేదు. ఆ రోజు కొండ ఎక్కిందంటే ఆ చెప్పుల బలం మీదే ఎక్కింది.

ఎడమకాలి చెప్పు విప్పి, తొడ మీద పెట్టుకుని, రంపెతో కోసింది. వసుకేతుడి కళ్లు పెద్దవయ్యాయి. మహారాజు ఊపిరికి కాలిచెప్పు అతుకా అని అడగాలని ఉందేమో, నోట్లో అన్న ఉన్నాడు గనుక మాట రాలేదు. ఆమెకు అర్థమైంది.

"తప్పే సామీ. మీ అన్న లేచినాక నన్ను కొరడాతో కొట్టించుకో. ముందు లేవనీ" అని ఆరె ఎత్తింది.

మెత్తబడిన తోలులో ఆరె దింపితే చీలుతుంది. అందుకని చిరుగుకు దూరంగా, గట్టిగా ఉన్నచోట, చుట్టూతా దారం వదులుగా విడిచి కుట్టుకుంటూ వచ్చింది. అతడి చెంప పక్కనే కుట్టు. ఒకసారి ఆరె చెంపకే దిగింది. అతడు కదల్లేదు, నెత్తురు కారి కుట్టు మీద పడింది. చివరి కుట్టు దగ్గర ఆమె ఊఁ అనగానే, అతడు నోట్లోది తిత్తిలోకి ఊది తల తప్పించాడు, ఆమె దారం లాగి ముడి బిగించింది. ఉస్సుమనడం ఆగింది. తిత్తి మళ్లీ పొంగింది, అణిగింది. ఇద్దరూ గుహ గోడకు చేరగిలబడ్డారు. నిద్రపోతే బాగుండుననిపించింది సుంకులమ్మకు, ఏం జరిగితే అది జరుగుతుందని.

రాబందు ఊరుకుంటే గదా. గుహ నోటి దగ్గరి బండలను ముక్కుతో పెళ్లగించడం మొదలుపెట్టింది. పెళ్లగించిన రాళ్లను సెలయేటిలోకి దొర్లించింది. అవి నీటికి అడ్డుపడడంతో, గుహలో నీళ్లు పాదాల నుంచి మోకాళ్లకు లేచాయి. ఆ నీళ్లు వెనక ఎక్కడో తొలుచుకుని బయటికి పోతున్న చప్పుడు విని, వసుకేతుడు వెనక గోడ తడిమాడు. మనిషి పట్టే పగులు దొరికింది. ఇద్దరూ ఒకరినొకరు లాక్కుంటూ, తోసుకుంటూ, చచ్చీచెడి పగులు దాటి తల బయటపెట్టేసరికి, ఎదురుగా ఉప్పునేల.

వెండిరేకులు పరిచినట్టు మెరుస్తోంది. ఉప్పు పలుకులు వజ్రపు తునకల్లా లేచి నిలబడి, ఒక్కొక్కటి ఒక్కొక్క సూర్యుణ్ణి పట్టుకుని ఉన్నాయి. అందం చూడటానికేగానీ అడుగు పెట్టడానికి కాదు. సుంకులమ్మ చెప్పులేని కాలు పెట్టి, అబ్బా అని తీసేసింది. పెనం మీద పెట్టినట్టుంది, కింద కత్తుల్లాంటి పలుకులు. మేఘశిల కోట అదిగో అన్నట్టు ఉంది. అక్కడికి చేరే కాళ్లే లేవు.

ఆమె అక్కడే కూర్చుండిపోయింది. తిత్తిని తీసుకుని పొమ్మంది. తన పని కుట్టడం వరకేననీ, ఇక అడుగు వేయలేననీ, మాంత్రికుడు వచ్చినా సరే ఈ నీడలో కాసేపు పడుకుంటాననీ చెప్పింది. కోపంగా చెప్పలేదు, అలిసిపోయి చెప్పింది.

వసుకేతుడు ఆమె ముందు వెనక్కి తిరిగి వంగాడు.

"ఎక్కు పెద్దమ్మా."

"నీ కాళ్లకూ చెప్పులు లేవు గదరా."

"లేవు. నేను ఊనిన తోలుకు అదే తగిన శిక్ష. దారిలో కుట్టు విడితే నాకు కుట్టడం రాదు. ఎక్కు."

రాజుల వీపెక్కడం మహాపాపమని ఏదో గొణిగింది గానీ, ఎక్కింది. ఎక్కి, తిత్తిని తన కడుపుకూ అతడి వీపుకూ నడుమ ఇరికించుకుంది. అతడు ఉప్పునేల మీదికి దిగి పరుగెత్తసాగాడు. మొదటి అడుగులకు మూలిగాడు, తర్వాత మూలగడం మానేశాడు. వెనక్కి తిరిగి చూస్తే తెల్లటి నేల మీద ఎర్రటి అడుగులు ఒక వరుసగా పడుతున్నాయి. ఆమె మళ్లీ తిరిగి చూడలేదు. ఒంటిచెప్పు కాలు గాలిలో ఊగుతోంది. పుట్టాక ఇంతసేపు కాళ్లకు విశ్రాంతి దొరకడం ఇదే మొదలని తోచి, ఆమెకు ఏడుపొచ్చింది.

వెనక కొండ మీద రాబందు గుహ ఖాళీ అయిందని కనిపెట్టి లేచింది. దాని నీడ ఉప్పు మీద నల్లగా పాకుతూ, వాళ్ల వెంట పడింది. పరుగెత్తమని చెప్పనక్కర్లేదు, అతడు పరుగెడుతూనే ఉన్నాడు.

సుంకులమ్మ చెప్పుముక్క అతుకు మీద బొటనవేలు ఆనించి ఉంచింది. అతుకు గట్టిగా ఉంది, కింద మహారాజు ఊపిరి వెచ్చగా తగులుతోంది. అమ్మ చేతి తోలు, మరి ఉండకేం చేస్తుంది. నెమ్మదిగా మిగిలిన కుట్టంతా తడుముకుంటూ వచ్చింది. అవతలి పక్కన, అడుగు దగ్గర, వేలు మెత్తగా దిగింది. ఎక్కడినుంచో లీలగా పచ్చకర్పూరం వాసన వచ్చింది.

అతడికి చెప్పలేదు. చెబితే ఆగుతాడు. ఆగితే పైనున్నది మీద పడుతుంది. రెండో కాలు మడిచి, కుడిచెప్పు మెల్లగా ఊడదీసి, నడుము మూటలోంచి రంపె తీసింది. ఎగిరెగిరి పడే వీపు మీద, ఒక చేత్తో అతడి మెడ పట్టుకుని, తల్లి ఊనిన ఆఖరి తోలును పళ్లతో బిగబట్టి కోయడం మొదలుపెట్టింది.